భిలాయి వినోదం: గగన విన్యాసాలు, రాక్ కచేరీలు, సాహస వీడియో గేములు

భిలాయి పేరు వినగానే ఉక్కు, రైలు పట్టాలు గుర్తుకు వస్తాయి. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందం ఈ కర్మాగారానికి పునాది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇళ్లు, బడులు, ఆసుపత్రితో పాటు వినోదాన్ని కూడా కర్మాగారమే సమకూర్చడం ఈ పట్టణ ప్రత్యేకత. ఉభయ దేశాల మైత్రికి చిహ్నంగా 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్ జంతు ప్రదర్శనశాల, సివిక్ సెంటర్, జయంతి స్టేడియం... సెక్టార్లలో పెరిగినవారికి సెలవు దినమంటే ఇవే. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల అనుభవమూ ఇందుకు భిన్నం కాదు.

నేటి యువతరం అభిరుచులు ఈ ప్రాంగణాలను దాటి వెళ్లాయి. వాటిలో ముఖ్యంగా చెప్పుకోదగినవి మూడు: వైమానిక విన్యాసాలు, రాక్ సంగీత కచేరీలు, సాహస వీడియో గేములు. ఈ మూడింటిలోనూ ఉల్లాసం పుట్టేది ప్రమాదపు అంచున. ఆ అంచును ముందే ఎవరో కొలిచి, గీత గీసి ఉంచుతారు. ఆ గీత ఎక్కడుందో తెలిసిన ప్రేక్షకుడికే ఆనందం పూర్తిగా దక్కుతుంది.

భారత వైమానిక దళానికి చెందిన సూర్యకిరణ్ బృందం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రావతరణ రజతోత్సవాల సందర్భంగా 2025 నవంబరు 5న నవ రాయ్‌పూర్‌లో విన్యాసాలు ప్రదర్శించింది. రాయ్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న భిలాయి వాసులకు ఇది ఇంటి ముంగిటి వేడుకే. తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న బీదర్‌లో 1996లో ఏర్పడిన ఈ బృందం మొదట కిరణ్ శిక్షణ విమానాలతో ప్రదర్శనలిచ్చింది. 2011లో ఆగిపోయి, తరువాత హాక్ జెట్ విమానాలతో పునరుద్ధరణ పొందింది. తొమ్మిది విమానాలు కొన్ని మీటర్ల ఎడంతో ఒక్కటిగా మలుపు తిరగడం ఈ బృందం ప్రత్యేకత. విశాఖ సాగరతీరాన నౌకాదళ విన్యాసాలు తిలకించిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. అదే బీచ్ రోడ్డులో 2017 నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానం సైతం, భిలాయి కర్మాగారం మాదిరిగానే, సోవియట్ కాలపు సంబంధానికి గుర్తు.

చూడడంలోనూ ఒక మెలకువ ఉంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. మూడు కిలోమీటర్ల దూరంలోని విమానం మోత దాదాపు తొమ్మిది సెకన్లకు గానీ చెవిని చేరదు. మోత వినిపించిన దిక్కుకు తల తిప్పేవారికి ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది. విమానం అప్పటికే ముందుకు సాగిపోయి ఉంటుంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడడం, నీళ్లు వెంట ఉంచుకోవడం ఇంకా ముఖ్యం. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో వైమానిక ప్రదర్శనకు లక్షలాదిగా జనం తరలిరాగా, ఎండ తీవ్రత, రద్దీ నడుమ ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆకాశంలో లెక్క తప్పలేదు. తప్పినది నేల మీద.

రాక్ సంగీతం 1950లలో అమెరికాలో రూపుదిద్దుకుంది. విద్యుత్ గిటారు, బేస్, డ్రమ్స్ దీనికి ప్రాణం. 1990లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఓషన్ వంటి బృందాలు దీనిని జానపద బాణీలతో మేళవించాయి. భిలాయి శ్రోతకు ఒక్క గొంతు వేదికంతా ఆక్రమించడం అపరిచితం కాదు. సమీపంలోని గనియారీ గ్రామానికి చెందిన, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్ బాయి పండవానీ గానంతో పద్మ విభూషణ్ స్థాయికి ఎదిగారు. తంబూరా ఎత్తి భీముడి గదగా చూపే ఆమె అభినయం ముందు ఎందరో గిటారు కళాకారులు చిన్నబోతారని చెప్పడం అతిశయోక్తి కాదు.

కచేరీలో కొలవవలసినది ధ్వని. కర్మాగారాలలో ఎనిమిది గంటల పనివేళకు 90 డెసిబెళ్ల పరిమితి ఉన్న సంగతి ఉక్కు కార్మికుల కుటుంబాలకు తెలిసినదే. వినోద వేదికల్లో పదిహేను నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. డ్యూటీలో చెవులకు రక్షణ పెట్టుకునే తండ్రి, కచేరీలో స్పీకరు పక్కనే నిలబడే కుమారుడిని వారించకపోవడం విచిత్రం. స్పీకర్లకు దూరంగా నిలవడం, మధ్యమధ్య బయటకు వెళ్లి చెవులకు విశ్రాంతి ఇవ్వడం, ఇయర్ ప్లగ్‌లు వాడడం శ్రేయస్కరం. ఇంటికి చేరాక చెవిలో హోరు తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల వాడకం నిషిద్ధం. ఉత్సవాల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపునిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

మూడవది ఇంట్లోనే దొరికే సాహసం. 1970ల నడుమ అమెరికా ప్రోగ్రామర్ విల్ క్రౌథర్, తాను స్వయంగా అన్వేషించిన కెంటకీ గుహల ఆధారంగా ఒక కంప్యూటర్ ఆట రాశారు. బొమ్మలు లేవు, అక్షరాలు మాత్రమే. ‘సాహస’ గేముల వర్గానికి పేరు అక్కడి నుంచే వచ్చింది. 1996లో వెలువడిన టూంబ్ రైడర్ ఈ వర్గాన్ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చింది. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’లో తమ్ముడిని వెతుక్కుంటూ వెళ్లే బాలిక కథానాయిక. మన పురాణ దేవతలు, మన శిల్పరీతులు ఆమె దారి పొడవునా ఎదురవుతాయి.

ఇక్కడే భిలాయికి సంబంధించిన చేదు సంగతి ఒకటి ఉంది. మహాదేవ్ ఆన్‌లైన్ బెట్టింగ్ వేదిక నిర్వాహకులు భిలాయికి చెందినవారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ తన దర్యాప్తులో పేర్కొంది. ఆ సంస్థ వినతి మేరకు కేంద్రం 2023 నవంబరు 5న మహాదేవ్ సహా 22 అక్రమ బెట్టింగ్ యాప్‌లు, వెబ్‌సైట్లను నిరోధించింది. ఉక్కుకు పేరొందిన ఊరు ఆ విధంగా పందేల వార్తల్లోకెక్కింది.

అందుచేత గేము అనగానే జూదమని తల్లిదండ్రులు భయపడడం సహజమే. అయితే తేడా స్పష్టం. సాహస గేములో ఓడిన ఆటగాడు తాను భద్రపరచుకున్న మజిలీ నుంచి మళ్లీ మొదలుపెడతాడు. పోయేది కాలం మాత్రమే. పందెంలో పోయిన సొమ్ముకు వెనుకటి మజిలీ ఉండదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం సరిగ్గా ఈ విభజననే పాటించింది. ఈ-స్పోర్ట్స్, సామాజిక గేములకు ప్రోత్సాహం కల్పిస్తూ, డబ్బు పణంగా పెట్టే ఆటలను నిషేధించింది. వాటిని నిర్వహించే వారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడేవారికి శిక్ష లేదు. సైబర్ మోసానికి గురైనవారు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. ఆట అలవాటు నిద్రను, చదువును, ఉద్యోగాన్ని దెబ్బతీస్తున్నప్పుడు టెలీ-మానస్ నంబరు 14416లో ఉచిత మానసిక సలహా లభిస్తుంది.