మ్యూనిక్ నుమాయిష్‌లో అబ్బా వాల్వులు

పోయిన వారం దామాద్ ఫోన్‌లో ఒక ఖబర్ చెప్పాడు. మ్యూనిక్‌లో ఏటా మే నెలలో జరిగే ఆడియో నుమాయిష్ ఇక అక్కడ జరగదు. 2025 మేలో జరిగిందే ఆఖరిది. 2026 నుంచి మకాం వియన్నాకు. "మామూ, మీరు చూసిన హాళ్లలో ఇక ఆ సందడి ఉండదు" అన్నాడు. నాకేం పోయింది? నేను స్పీకర్లు కొనేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణీ కాదు. అయినా మనసు కలుక్కుమంది. ఆ హాల్లో నాకొక పాత హిసాబ్ తేలకుండా ఉండిపోయింది. దాన్ని ఇవాళ మీ ముందు విప్పుతాను.

2019 మే 11, శనివారం. ఆరో రోజా. కూతురి కాన్పు కోసం మేమిద్దరం మ్యూనిక్ వెళ్లి ఉన్నాం. ఆ దేశంలో మే నెల రోజా అంటే ఆషామాషీ కాదు. తెల్లవారుజామున మూడు మూడున్నరకే సెహ్రీ ముగించాలి. మగ్రిబ్ రాత్రి ఎనిమిదీ నలభైకి. "ఇంట్లో కూచుంటే గడియారం కదలదు, రండి, ఒక తమాషా చూపిస్తా" అని దామాద్ మెట్రో ఎక్కించి ఊరికి ఉత్తరాన ఫ్రైమన్ అనే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ ఎం.ఓ.సి. అనే పెద్ద ఎగ్జిబిషన్ భవనం ఉంది. నుమాయిష్ పేరు 'హై ఎండ్'. 1982లో డ్యూసెల్‌డార్ఫ్‌లో చిన్నగా మొదలై, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఒక హోటల్లో చాలా ఏళ్లు గడిపి, 2004లో మ్యూనిక్ చేరింది. నేను చూసేనాటికి ఐదొందలకు పైగా కంపెనీలు హాజరు. నాంపల్లి నుమాయిష్‌లో ఉండే మిర్చీ బజ్జీలు, జెయింట్ వీల్ తప్ప మిగిలిన హడావిడంతా ఉంది.

పై అంతస్తుల్లో ఒక్కో కంపెనీకి ఒక్కో గది. గది ముందు క్యూ. లోపల కుర్చీలు, మసక వెలుతురు, ఎదురుగా మనిషంత ఎత్తు స్పీకర్లు. జనం కళ్లు మూసుకుని, కదలకుండా, పక్కవాడితో పలక్కుండా వింటున్నారు. ఎక్కువమంది నా వయసు మగవాళ్లే. మొదట చూసినప్పుడు ఏదో దర్గాలో సమా మెహ్‌ఫిల్‌కి వచ్చాననిపించింది. ఒక జత స్పీకర్ల ఖరీదు దామాద్ అడిగి వచ్చి, రూపాయల్లోకి మార్చి చెవిలో చెప్పాడు. కోట్లు! పాము మందాన ఉన్న కరెంటు తీగల ధర కూడా చెప్పబోతే వద్దన్నాను. రోజాలో ఉన్నవాడికి అంత హైరత్ పనికిరాదు. ఆ తీగల మహిమ మీద నాకు ఈమాన్ కుదరలేదు గానీ, స్పీకర్ల ఆవాజ్ మాత్రం నిజమైనదే. ఒక గదిలో ఎవరో ఆడమనిషి పాడే ముందు ఊపిరి తీసుకుంటే నా పక్కనే తీసుకున్నట్టు వినపడి వెనక్కి తిరిగి చూశాను.

నన్ను కట్టేసింది మాత్రం ఆ గదులు కాదు, కింది హాలు. అక్కడ పాత రికార్డులు, విడి భాగాలు అమ్మే దుకాణాలున్నాయి. ఒక బల్ల మీద అట్టపెట్టెల్లో వరసగా గాజు బుడ్లు. రేడియో వాల్వులు! ముల్లార్డ్, టెలిఫంకెన్, ఫిలిప్స్. పెట్టెల మీద నంబర్లు: ఈసీసీ83, ఈఎల్84, ఈజెడ్80. ఆ నంబర్లు నాకు ఎక్కాలకంటే ముందు వచ్చు. మా బొటనవేలంత ఉండే ఒక టెలిఫంకెన్ ఈసీసీ83 ముందు పెట్టిన చీటీలో ధర వంద యూరోలు దాటి ఉంది. చీటీ రెండుసార్లు చదివాను. కాళ్లలో సత్తువ పోయింది. రోజా వల్ల అనుకుని దామాద్ కుర్చీ లాగాడు.

మా అబ్బా కర్నూల్లో రేడియో మెకానిక్. ఊరికి రాజధాని హోదా పోయిన రెండేళ్లకు, 1958లో, పద్దెనిమిదేళ్ల వయసులో హైదరాబాద్ వెళ్లి ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరాడు. మూడేళ్లు తుడవడం, సోల్డరింగ్, టీ తేవడం. తర్వాత తిరిగొచ్చి కొండారెడ్డి బురుజు దగ్గర ఆరడుగుల దుకాణం పెట్టాడు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. మా మొహల్లాలో రేడియోను షైతాన్ కా డబ్బా అనే బుజుర్గులు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. 1971 జంగ్ రోజుల్లో బీబీసీ ఉర్దూ ఖబర్ల వేళకి ముందు వాళ్ల సెట్లే దుకాణానికి పరుగున వచ్చాయని అబ్బా నవ్వుతూ చెప్పేవాడు.

వాల్వు ఎలా పనిచేస్తుందో నాకు ఎనిమిదో ఏటే చెప్పాడు. గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల ఎర్రగా కాగే ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరిగెత్తుతాయి. మధ్యలో ఒక జాలీ. ఆ జాలీ దర్వాజా దగ్గర దర్బాన్ లాంటిది. యాంటెన్నా నుంచి వచ్చే పిసరంత సిగ్నల్ దర్బాన్ చెవిలో గుసగుస చెబుతుంది. వాడు దాని ప్రకారం వేలమందిని వదులుతాడు, ఆపుతాడు. గుసగుస కాస్తా గర్జన అవుతుంది. లండన్‌లో ఫ్లెమింగ్ 1904లో జాలీ లేని వాల్వు చేస్తే, అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో జాలీ పెట్టాడు. ఇరవయ్యో సదీ ఆవాజంతా ఆ జాలీలోంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మాట చేరింది దాని వల్లే. 1920ల చివర సినిమాకు నోరొచ్చింది దాని వల్లే.

1960ల నుంచి ట్రాన్సిస్టర్ మన ఊళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత టేప్ రికార్డర్, టీవీ. బెంగళూరులో బీఈఎల్ చేసే వాల్వులు కూడా దొరకడం తగ్గింది. 1996లో దుకాణం ఇక చాలనుకున్నాం. 'అనుకున్నాం' అని రాశాను గానీ, అనుకున్నది నేను. అబ్బా ఊ అనలేదు, ఊహూఁ అనలేదు. అప్పటికే ఆయనకు వినికిడి తగ్గింది. కబాడీ వాణ్ణి పిలిచింది నేనే. రెండు గోనె సంచుల వాల్వులు. సీలు విప్పనివి కూడా వాటిలో చాలా ఉన్నాయి. వాడు గాజుకి ధర లేదన్నాడు. రోడ్డు పక్కన సంచిని సుత్తితో బాది, అడుగున ఉన్న లోహం ముక్కలు మాత్రం తూకం వేశాడు. రెండొందల ఎనభై రూపాయలు చేతిలో పెట్టాడు. బాదక ముందు అబ్బా సంచిలో చెయ్యి పెట్టి ఒక్క వాల్వు తీసుకుని, లుంగీ కొంగుతో తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. దాని మీద ఒక్క మాట మాట్లాడలేదు, ఆ రోజూ, తర్వాతా.

మ్యూనిక్‌లో ఆ చీటీ చూసినప్పుడు నాకు వినపడింది ఆ సుత్తి చప్పుడే.

అక్కడో మాట అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. ఇవి జర్మనీ వస్తువులు, వాళ్ల షౌక్ వాళ్లది అని మనం తేలిగ్గా తీసేస్తాం. తారీఖ్ చూస్తే అలా లేదు. 1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, ఒక హోటల్ గదిలో గౌహర్ జాన్‌ను పాడించాడు. మైకు లేదు, వాల్వు లేదు. పెద్ద గొట్టంలోకి మొహం పెట్టి గట్టిగా పాడాలి. మూడు నిమిషాల్లో ముగించాలి. గంటసేపు విప్పే రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించి చూపించిన ఆమె హునర్‌కి సలాం చెప్పాలి. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో పలికేది. అది గుమానం కాదు. ఆ మైనపు అచ్చులు రికార్డులుగా తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఎవరి పాట ఎవరిదో తెలియాలి కదా! 1908లో కలకత్తా సియాల్దాలో కార్ఖానా వచ్చేదాకా మన పాట సముద్రం దాటి జర్మనీ వెళ్లి, నల్లటి పళ్లెమై తిరిగొచ్చి, మనకే అమ్ముడుపోయేది.

ఆ పళ్లెం దేంతో చేశారు? లక్కతో. మోదుగ, రేగు చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే చిన్న పురుగు కక్కే జిగురు. రాతి పొడిలో కలిపి, వేడి చేసి, అచ్చులో నొక్కితే రికార్డు. దునియాలో లక్కకు పెద్ద ఖజానా మన దేశమే, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవులు. లండన్‌లో మోగినా న్యూయార్క్‌లో మోగినా, ఆ రికార్డులో మన ఆదివాసీ ఆడవాళ్లు కొమ్మలు గీకి తీసిన లక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు ఆగి లక్క కరువైంది. 1942లో అమెరికా సర్కారు రికార్డులకిచ్చే లక్కకు కోత పెట్టింది. పాత రికార్డులు కరిగించి కొత్తవి చేశారు. లక్క బదులు వినైల్ అనే ప్లాస్టిక్ వైపు కంపెనీలు చూసిన కారణాల్లో ఈ కరువొకటి. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు ఆ వినైల్‌దే. మ్యూనిక్ హాల్లో జనం ఎగబడి కొంటున్నదీ అదే. లక్క ఊసెత్తినవాడు అక్కడ ఒక్కడూ కనపడలేదు. గాజుల కోసం తప్ప లక్కను తలుచుకునేవాళ్లు మనలోనూ తక్కువేననుకోండి.

సాయంత్రం నాలుగు దాటాక దామాద్ ఒక గది దగ్గర ఆపాడు. కొరియా వాళ్ల గది. లోపల 1930ల నాటి వెస్టర్న్ ఎలక్ట్రిక్ సినిమా హాలు హారన్లు. ఒక్కోటీ మన ఇంటి దర్వాజాకంటే పెద్దది. వాటి తక్‌దీర్ చూడండి. టాకీలు వచ్చిన కొత్తలో ఆ కంపెనీ యంత్రాలను థియేటర్లకు అమ్మేది కాదు, కిరాయికిచ్చేది. కాలం చెల్లాక అవి పాత సామాను కింద మూలన పడ్డాయి. 1970ల్లో జపాన్ షౌకీన్లు అమెరికా వెళ్లి గోదాముల్లోంచి ఏరుకొచ్చుకున్నారు. అందులో వాడే 300బీ అనే వాల్వును కంపెనీ 1988లో ఆపేసింది. గిరాకీ చూసి 1990ల్లో మళ్లీ మొదలైంది. ఆ వాల్వు ఒక్కటిచ్చేది ఎనిమిది వాట్లు. మన ఆటోల్లో స్టీరియోకి కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. కానీ ఆ హారన్ ఎంత చురుకైనదంటే, ఆ కొద్ది వాట్లతోనే వందలమంది కూచున్న హాలు నింపేది.

దామాద్ సంచిలో ఒక పాత ఎల్పీ ఉంది, అక్కడే సెకండ్ హ్యాండ్‌లో దొరికినది. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ గానం. గదిలో ఉన్న కొరియా పెద్దమనిషికి ఇచ్చి అడిగాడు. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి, తల వంచి, పెట్టాడు. ఆ ఖాన్ సాహెబ్ ఆఖరి రోజులు మన హైదరాబాద్‌లోనే గడిచాయి. 1968 ఏప్రిల్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఇంతెకాల్. దాయిరా మీర్ మోమిన్‌లో మట్టి. నేను ఆ సమాధి దగ్గర ఒకసారి ఫాతిహా చదివాను. ఇప్పుడు ఆ గొంతు కలపతో చేసిన ఆ పెద్ద నోట్లోంచి వస్తుంటే, పక్కన ఫిలమెంట్ సన్నగా నారింజ రంగులో వెలుగుతుంటే, గదిలో జర్మన్లు, జపాన్ వాళ్లు, ఎవరెవరో కదలకుండా కూచున్నారు. నేను ఆ వెలుగు వైపే చూస్తున్నాను. దుకాణంలో సాయంత్రం బల్బు ఆర్పేసి అబ్బా చూపించే వెలుగు అదే.

బయటికొచ్చి ఇంటికి వీడియో కాల్ చేశాను. అక్కడ ఎనిమిది కావస్తోంది. ఇఫ్తార్ అయిపోయి, ఆపా తరావీహ్ కోసం అబ్బాకి చొక్కా తొడుగుతోంది. ఆయనకు అప్పటికి వినపడేది దాదాపు శూన్యం. ఆపా చెవి దగ్గర అరిస్తే కొంత అందుతుంది. రికార్డు అయిపోయిన సందు చూసి ఫోన్ పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. వాల్వు దగ్గరగా చూపించాను. ఆ హిసాబ్ అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. అబ్బా, మన సంచుల్లో పోయినవి ఇక్కడ ఈ ధర పలుకుతున్నాయి, గలతీ నాదే అని. నోరు పెగల్లేదు. ఆపా చేత అరిపించి చెప్పే మాట కాదది.

ఆయన ఫోన్‌ను ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరికి లాక్కున్నాడు.

"ట్రయోడ్" అన్నాడు. "హమ్ వస్తోందా? హారన్‌కి చెవి పెట్టి చూడు."

పెట్టాను. పాట లేనప్పుడు సన్నగా గుంయ్‌మంటోంది. ఉందని తలూపాను.

"ఉంటుంది. ఫిలమెంట్‌కి ఏసీ ఇచ్చుంటాడు. సాకెట్ దగ్గర చిన్న కంట్రోల్ ఉంటుంది, కాస్త తిప్పమను."

దామాద్ ఆ మాటను ఇంగ్లీషులో కొరియా పెద్దాయనకి చెప్పాడు. ఆయన ఫోన్‌లో ఉన్న టోపీ ముసలాయన్ని ఒకసారి, నన్నొకసారి చూశాడు. తర్వాత జేబులోంచి సన్నని స్క్రూడ్రైవర్ తీసి వంగాడు. నేను చెవి హారన్ దగ్గరే పెట్టి ఉంచాను.

"తగ్గిందా?" అన్నాడు అబ్బా కర్నూలు నుంచి.

"తగ్గింది అబ్బా."

ఆపా అదే మాట ఆయన చెవిలో గట్టిగా చెప్పింది. ఆయన తలూపి, నమాజ్‌కి ఆలస్యమవుతోందని ఫోన్ ఆమెకిచ్చేశాడు.