నీలి వాండా: పేరు ఒకచోట, ఊరు మరోచోట

విలియం గ్రిఫిత్ అస్సాం వెళ్లింది పూల కోసం కాదు, తేయాకు కోసం. అక్కడి అడవి తేయాకు సంగతి తేల్చమని 1835లో పంపిన బృందంలో అతనొక పాతికేళ్ల వైద్యుడు. రెండేళ్ల తర్వాత ఖాసీ కొండల్లో చెట్ల కొమ్మల మీద లేత నీలిరంగు ఆర్కిడ్ గుత్తులు అతని కంటపడ్డాయి. ఆర్కిడ్లలో నీలం చాలా అరుదు. దానికి పేరైతే అనుకున్నాడు గాని, అచ్చులో చూసుకునే యోగం లేకపోయింది. 1845లో మలక్కాలో, ముప్పై నాలుగేళ్లకే పోయాడు. 1847లో లండన్‌లో వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లే ‘వాండా సెరూలియా’ వర్ణనను ప్రచురించాడు. అందుకే శాస్త్రీయ నామం పక్కన ఈనాటికీ ఇద్దరూ ఉంటారు: ‘గ్రిఫిత్ ఎక్స్ లిండ్లే’.

వాండా ప్రజాతి కథా ఇంచుమించు ఇంతే. పేరు సంస్కృత పండితుడు విలియం జోన్స్‌ది. ఆయన పోయి పాతికేళ్లు దాటాక, 1820లో, రాబర్ట్ బ్రౌన్ దాన్ని నియమం ప్రకారం స్థిరపరిచాడు. అప్పుడు బ్రౌన్ ముందున్న మొక్క మనకు పరాయిది కాదు. తెలుగు నేలమీద చెట్ల కొమ్మలకు వేళ్లు వేసుకుని బతికే గళ్ల పూల వాండాయే. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దాన్ని ఎపిడెండ్రం ప్రజాతి మొక్కగా చూపించాడు. అప్పట్లో చెట్టుమీద పెరిగే ఆర్కిడ్లు చాలావరకు ఆ ఒక్క గంపలోనే పడేవి.

సరే, పేరు కుదిరింది. మొక్క బతకాలి కదా! 1850లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్, తన మిత్రుడు థామ్సన్‌తో కలిసి ఖాసీ కొండల్లో నీలి వాండా పెరిగే ఓక్ తోపులు చూశాడు. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున, పొడి గడ్డికొండల మీద, గాలీ ఎండా నేరుగా తగిలే చిన్న చెట్లకు పట్టుకుని ఉందది. ఇంగ్లండ్‌లో తోటమాలులేమో ఉడుకెత్తే ఆవిరి గాజుఇళ్లలో పెట్టి పెంచబోయారు. జాతి తెలిసింది గాని ఊరు తెలియలేదన్నమాట.

హుకర్‌దీ మరీ పుణ్యాత్ముడి లెక్కేం కాదు. లండన్‌లోని క్యూ తోటల కోసం ఏడుగురు కూలీలు మోసేన్ని మొక్కలు పీకించాడు. ప్రాణంతో చేరినవి కొద్దే. అదే చోటు చూపించుకున్న మరో పెద్దమనిషి పంపిన ఒక్క కూలీ మోత, వాడిపోయి చేరినా, 300 పౌన్లు పలికింది. గట్టిగా పూనుకుంటే ఖాసీ ఆర్కిడ్ల మీద ఒక్క సీజన్‌లో రెండు మూడు వేల పౌన్లు గడించవచ్చని హుకరే తన యాత్రాగ్రంథంలో లెక్కగట్టాడు. వ్యాపారులకు అంతకన్నా ఏం కావాలి?

నీలి వాండా ఖాసీ కొండలదే కాదని తర్వాత తేలింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్, చైనాలోని యునాన్ దాకా ఆ కొండల వరుస పొడవునా ఉంది. అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇది చాలాకాలం అతి కఠినమైన మొదటి పట్టికలో ఉండేది. 2004 బ్యాంకాక్ సమావేశం రెండో పట్టికకు మార్చింది. మన వన్యప్రాణి రక్షణ చట్టంలో మాత్రం రక్షిత మొక్కల్లో ఒకటి.

మన నర్సరీల్లో నీలి వాండా పేరుతో దొరికేవి ఎక్కువగా సంకరాలే. వాటిలో పేరు మోసిన ‘రోత్‌షిల్డియానా’ 1931 నాటిది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి నీలి వాండా, రెండోది ఫిలిప్పీన్స్‌లోని మిండనావో పల్లపు అడవుల వాండా శాండెరియానా. వేడిని ఓర్చుకునే గుణం అటునుంచి వచ్చిందే. ఆ శాండెరియానాను 1914లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ష్లెక్టర్ వేరే ప్రజాతిగా విడదీశాడు, తర్వాతివాళ్లు మళ్లీ వాండాలోనే కలిపారు.