ఫుల్‌బ్యాకుల పట్నం

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఎర్ర లైనులో పంజాగుట్ట, ఇర్రం మంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి అసెంబ్లీ దగ్గర దిగితే బషీర్‌బాగ్ వైపు ఒకప్పటి ఫతే మైదాన్, ఇప్పటి లాల్‌బహదూర్ స్టేడియం వస్తుంది. నీలం లైనులో తూర్పుకు వెళ్తే బేగంపేట, ప్యారడైజ్ మీదుగా సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్. అదే లైనులో పడమరకు వెళ్తే రాయదుర్గం, అక్కణ్ణుంచి ఆటోలో గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో చాలా భాగం ఈ మూడు దారుల్లోనే దొరుకుతుంది.

నడిమధ్య ఉన్న అమీర్‌పేట వ్యాపారం మాత్రం వేరు. మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ గోడ కనిపించకుండా కట్టిన బోర్డులన్నీ సాఫ్ట్‌వేర్ కోర్సులవే. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో దిగిన పిల్లలు, పంజాగుట్ట దాకా వాళ్లకోసం వెలసిన మెస్సులు, జిరాక్సు షాపులు. ఆ కోర్సుకు ఇంట్లోవాళ్లు అప్పుచేసైనా ఫీజు కట్టేది ఒక్క నమ్మకంతోనే: చివర్లో ఉద్యోగం వస్తుంది. ఒకప్పుడు ఈ నగరంలో ఫుట్‌బాల్‌కు కూడా అదే నమ్మకం ఉండేది. అది ఉన్నంతకాలం హైదరాబాద్ ఆడింది, దేశాన్ని ఆడించింది. ఆ నమ్మకం పోయాక ఆట కూడా దానివెంటే పోయింది.

ఆ రోజుల్లో ఆ భరోసా ఇచ్చింది పోలీసు శాఖ. ఆట వచ్చిన కుర్రాడికి పోలీసులో కొలువు దొరికేది, నెలనెలా జీతం వచ్చేది. ఆ జీతాల మీద నిలబడిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు అప్పుడు దడ పుట్టించింది ఈ పోలీసు జట్టే. ఆ ఊపులోనే హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లోనూ, మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి ఆ కప్పు ఇంటికొచ్చింది.

వీటి వెనక ఉన్న పెద్దమనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తాలో స్వర్ణాలు గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా, అప్పుడు జట్టును నడిపింది ఆయనే. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా పుణ్యమా అని 2024లో ఆ పేరు కొత్త తరం చెవిన పడింది.

రహీం పంతులుగిరీ మైదానంలోనూ కనిపించేది. ఎడమ కాలు చేతకాని వాళ్లకోసం, అలవాటు లేని కాలితోనే ఆడాలని నిబంధన పెట్టి టోర్నమెంట్లు నడిపేవాడు. బంతిని కాలిదగ్గర పెట్టుకుని ఒక్కడే తిప్పుకుంటూ పోకూడదని మరో రకం పోటీలు పెట్టేవాడు. చూసేవాళ్లకు వేడుకగా అనిపించినా వీటి ఫలితం వెనక వరుసలో తెలిసేది. కుడికాలి వాటం ఫుల్‌బ్యాక్ మీదికి వింగర్ ఎడమవైపు నుంచి దూసుకొస్తున్నప్పుడు బంతిని కుడికాలికి మార్చుకునే తీరిక ఉండదు. తగిలిన కాలితోనే కొట్టాలి. పైగా గుడ్డిగా బయటికి తన్నెయ్యకుండా పది గజాల్లో ఉన్న తనవాడికి అందించాలి. ఒక్క తాకుడులో అటు గండం గడవాలి, ఇటు ఎదురుదాడి మొదలవ్వాలి. రహీం జట్లలో బ్యాకులు నేర్చిన విద్య అది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. అక్కడ అంత అవమానం చూసిన జట్టులోని హైదరాబాదీలు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ ఆడారు. ఆ బృందంలో మరో హైదరాబాద్ బ్యాక్ లతీఫ్ కూడా ఉన్నాడు. నాలుగేళ్లలో అంత మార్పు రావడానికి బూట్లొక్కటే కారణం కాదు. ఏడాది పొడవునా కలిసి సాధన చేసే తీరిక ఉంటేనే వెనక వరుస కుదురుతుంది. ముందు వరుసలో ఆడేవాడు ఒంటరిగా మెరవగలడు. వెనక నిలబడేవాడికి పక్కవాడు ఏ క్షణాన ఎటు కదులుతాడో తెలిసుండాలి. నెల జీతం లేనివాడికి రోజూ సాయంత్రం మైదానానికి వచ్చే వెసులుబాటు ఎక్కడిది?

డిఫెండర్ల మీద రహీంకు ఎంత గురి ఉండేదో 1962 సెప్టెంబర్ 4న జకార్తా చూసింది. స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే గాయమై కుట్లు పడ్డాయి. దక్షిణ కొరియాతో ఫైనల్లో అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు రహీం. జర్నైల్ గోల్ కొట్టాడు. భారత్ 2-1తో గెలిచింది. ఆ రోజు గోల్ కాసింది హైదరాబాదీ పీటర్ తంగరాజ్. ముందు వరుసలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం.

ఆ పరంపరలో పేరు గట్టిగా వినిపించిన చివరి హైదరాబాద్ స్టాపర్ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. అదే ఏడు అర్జున, 1990లో కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నాడు. కానీ అతని ఆట ఎక్కువగా చూసింది కలకత్తా. 1966లో నయీం, మహమ్మద్ హబీబ్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. బలరాం అంతకు తొమ్మిదేళ్ల ముందే ఆ దారి పట్టాడు. పోలీసు కొలువు కంటే కలకత్తా క్లబ్బు ఎక్కువ ఇస్తుందని తేలాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. కలకత్తా మూడు పెద్ద క్లబ్బులూ హైదరాబాద్ కుర్రాళ్లతో దశాబ్దాలు గడుపుకున్నాయి. పుట్టినింట మాత్రం బెంచీలు ఖాళీ అయ్యాయి.

ఇప్పుడు నీలం లైనులో పడమరకు వద్దాం. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రో పూర్తయిన 2019లోనే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మరుసటి ఏడు స్పెయిన్ నుంచి కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాడు. వెనక వరుస మధ్యలో స్పెయిన్ వాళ్లను నిలబెట్టాడు: ముందు ఒడెయ్ ఒనైన్డియా, తర్వాత హువానన్. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్ గెలిచింది. కరోనా ఆంక్షల వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. పేరు హైదరాబాద్‌ది, కప్పు హైదరాబాద్‌ది, కానీ గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ సంబరమైనా ఎంతోకాలం నిలవలేదు. 2023 తర్వాత జీతాల బకాయిల వార్తల మధ్య విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బు యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చింది. అప్పట్లో ఆటగాళ్లు ఊరు వదిలి వెళ్లారు, ఈసారి ఏకంగా జట్టే వెళ్లింది. రెండుసార్లూ కారణం డబ్బే.

ఇంతవరకూ చెప్పిందంతా మగవాళ్ల కథ. ఆ పోలీసు జట్టు కొలువులూ, కలకత్తా కాంట్రాక్టులూ, ఐఎస్ఎల్ జీతాలూ అన్నీ వాళ్లవే. మరి అమ్మాయిల సంగతేమిటి?

స్పెయిన్ కథ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడా మొదలు మనకంటే గొప్పగా ఏం లేదు. ఫ్రాంకో నియంతృత్వంలో ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడటమే తప్పన్నట్టు చూశారు. మహిళల జాతీయ జట్టు తొలి అధికారిక మ్యాచ్ ఆడింది 1983లో. తొలిసారి ప్రపంచకప్‌కు వెళ్లింది 2015లో. పోల్చి చూస్తే మనమే ముందున్నాం: భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య 1975లోనే ఏర్పడింది. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో, మళ్లీ 1983లో మన అమ్మాయిలు రన్నరప్‌గా నిలిచారు.

ఆ తర్వాత స్పెయిన్‌లో ఏం జరిగిందో ఒక్క డిఫెండర్ జీవితంలో చూడొచ్చు. ఇరేనె పరెదెస్ 1991లో బాస్క్ ప్రాంతంలోని లెగజ్పి అనే చిన్న ఊళ్లో పుట్టింది. రియల్ సొసియెదాద్‌లో మూడేళ్లు, అథ్లెటిక్ బిల్బావోలో ఐదేళ్లు ఆడి 2016లో లీగ్ టైటిల్ గెలిచింది. అప్పటికి స్పెయిన్‌లో ఆడవాళ్ల లీగ్‌కు ప్రొఫెషనల్ హోదానే లేదు. ఆ ఏడే ఆమె పారిస్ సాంజెర్మెన్‌కు వెళ్లింది. ఐదేళ్ల తర్వాత బార్సిలోనాలో చేరి 2023, 2024 ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన జట్టులో భాగమైంది.

2023 ఆగస్టు 20న సిడ్నీలో స్పెయిన్ ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించి ప్రపంచకప్ గెలిచినప్పుడు నడిమధ్య సెంటర్‌బ్యాక్‌గా నిలిచింది ఆమే. ఆ ఒక్క గోల్ కొట్టింది కూడా డిఫెండరే, లెఫ్ట్‌బ్యాక్ ఓల్గా కార్మోనా. సెమీఫైనల్లో స్వీడన్ మీద గెలుపు గోలు సైతం కార్మోనాదే. వెనక వరుస ముందుకొచ్చి కప్పు తెచ్చిన తీరు చూస్తే జకార్తాలో జర్నైల్ సింగ్ గుర్తుకు రాక మానడు.

ఈ కప్పుల వెనక ఇంకో పోరాటం ఉంది. 2019 నవంబర్‌లో స్పెయిన్ ఫుట్‌బాల్ అమ్మాయిలు సమ్మెకు దిగారు. 2020 ఫిబ్రవరిలో తొలి సమష్టి ఒప్పందం కుదిరింది: ఏడాదికి కనీస వేతనం 16,000 యూరోలు. 2021లో లీగ్‌కు ప్రొఫెషనల్ హోదా దక్కింది. ప్రపంచకప్ గెలిచిన మరుసటి నెలలోనే మళ్లీ సమ్మె చేశారు, కనీస వేతనం 21,000 యూరోలకు చేరింది. అదే నెల ఫుట్‌బాల్ సంఘంలో మార్పులకోసం రాత్రంతా చర్చలు జరిగితే, ఆ తర్వాత విలేకరుల ముందుకొచ్చి ఆటగాళ్ల తరఫున మాట్లాడిన ఇద్దరు అలెక్సియా పుతెయాస్, పరెదెస్. మైదానంలో ఎక్కడ నిలబడేదో ఆ బేరంలోనూ అక్కడే నిలబడిందామె.

తెలుగు నేలకు ఈ స్పెయిన్‌తో పాత చుట్టరికమే ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) సంస్థను పెంచాడు, 2009లో అక్కడే కన్నుమూశాడు. ఆ సంస్థ నడిపే క్రీడాగ్రామంలో రఫాయెల్ నదాల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ కేంద్రం తెరిచింది. లాలిగా ఫౌండేషన్ తోడ్పాటుతో అనంతపురం పల్లెల అమ్మాయిలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. ఇంతున్నా 2022లో భారత్ ఆతిథ్యమిచ్చిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో తెలుగు రాష్ట్రాలకు ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. నవీ ముంబైలో ఆ కప్పు ఎత్తుకెళ్లింది స్పెయిన్ అమ్మాయిలే.

మన వైపు నుంచి పై మెట్టుకు చేరిన అమ్మాయి గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా, లంబాడా కుటుంబం. ఆడేది ముందు వరుసలో. రాష్ట్రంలో దారి లేక కేరళ క్లబ్ గోకులానికి ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 భారత మహిళల లీగ్ గెలిచి, ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. బలరాం, నయీం, హబీబ్ నడిచిన దారినే అరవై ఏళ్ల తర్వాత ఆమె కూడా నడిచిందన్నమాట, అదే క్లబ్బుకు.

జీతం మాట మన దగ్గరా ఈమధ్యే మొదలైంది. మహిళల లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది దేశీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు. నిజామాబాద్ తండాలోనో అనంతపురం పల్లెలోనో ఉన్న తల్లిదండ్రులు అమీర్‌పేట కోర్సుకూ ఈ ఆటకూ మధ్య తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్‌కు ఈ లెక్క కొత్తది కాదు, మందు కూడా కొత్తది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కు పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. సంతోషం. కానీ అవి గెలిచి వచ్చాక ఇచ్చిన బహుమతులు. సిటీ పోలీస్ ఒకప్పుడు గెలవకముందే కొలువిచ్చి, జట్టును కట్టి, ఆ తర్వాత గెలిచింది. అదే శాఖ ఇప్పుడు పద్దెనిమిదీ ఇరవై ఏళ్ల అమ్మాయిలను పాతికమందిని తీసుకుని, కానిస్టేబుల్ జీతమిచ్చి, ఒక మహిళా ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టాలి. నియామకాలు వెనక వరుస నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది.