ఇనుప మేకుల ఫిల్టర్: థారూల నేల మీద ఒక స్టూడెంట్ ప్రాజెక్టు చరిత్ర



ఈసారి మన ఏజెన్సీ గురించి కాకుండా నేపాల్ గురించి రాస్తున్నా. దానికి కారణం ఉంది. మన గ్రూపులో బీటెక్, డిప్లొమా చదివేవాళ్లు పెరిగారు. ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే చాలామంది "మన ఊరి నీళ్లకు ఏదైనా చేద్దాం" అంటున్నారు. సరిగ్గా అలాంటి ప్రాజెక్టే నేపాల్‌లో ఆదివాసీలు ఉండే జిల్లాల్లో జరిగింది. అది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తడబడిందో తెలిస్తే మనకు పనికొస్తుంది.

ముందు ఆ నేల సంగతి చెప్తాను. నేపాల్‌కు దక్షిణాన, మన బీహార్, యూపీ సరిహద్దు పొడవునా ఉండే మైదానాన్ని తరాయి అంటారు. అక్కడ మొదటినుంచీ ఉన్నవాళ్లలో థారూలు ముఖ్యులు. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 17 లక్షల పైమాటే. మన దేశంలో యూపీ, ఉత్తరాఖండ్‌లలో కూడా ఉన్నారు, ఎస్టీ జాబితాలో ఉన్నారు.

ఒకప్పుడు తరాయి అంటే దట్టమైన అడవి, మలేరియా జ్వరం. బయటివాళ్లు అడుగు పెట్టడానికి భయపడేవాళ్లు. ఆ జ్వరాన్ని తట్టుకుని అక్కడ తరతరాలుగా బతికింది థారూలు. 1950ల నుంచి డీడీటీ కొట్టి దోమల్ని అదుపు చేశాక కొండల మీది జనం కిందికి దిగారు. అడవి పొలాలైంది. చేతిలో కాగితం లేని థారూలు చాలాచోట్ల భూమి పోగొట్టుకున్నారు. పడమటి తరాయిలో ఎంతోమంది అప్పుల కింద కమయ్యాలుగా, అంటే వెట్టి పాలేర్లుగా మిగిలారు. ఆ వెట్టిని నేపాల్ ప్రభుత్వం రద్దు చేసింది 2000 జూలై 17న. మనకు 1/70 చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిసినవాళ్లకు ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక నీళ్లు. వాగు నీళ్లు, దిగుడు బావుల నీళ్లు తాగితే విరేచనాలు, కలరా వస్తున్నాయని తరాయి అంతా బోరింగులు దించారు. ప్రభుత్వం వేసింది, సహాయ సంస్థలు వేశాయి, జనం సొంతంగా కూడా వేసుకున్నారు. నీళ్లు తేటగా వచ్చాయి. అంతా మంచే అనుకున్నారు. 1999లో ఆ నీళ్లను ఆర్సెనిక్ కోసం పరీక్షించడం మొదలుపెట్టాక అసలు విషయం బయటపడింది.

ఈ ఆర్సెనిక్‌ను ఏ ఫ్యాక్టరీ కలపలేదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులోనే ఉంది. భూమి లోపల గాలి తగలని పొరల్లో అది నీళ్లలోకి దిగుతుంది. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు, కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగితే ఒంటి మీద మచ్చలు వస్తాయి, అరచేతులు, అరికాళ్లు గట్టిపడతాయి, చివరికి క్యాన్సర్ దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. నేపాల్ పెట్టుకున్న హద్దు 50. నవల్‌పరాసీ జిల్లాలో కొన్ని బోరింగులు ఆ హద్దును కూడా ఎన్నో రెట్లు దాటాయి.

అమెరికాలోని ఎంఐటీలో సుసాన్ మర్కాట్ అనే అధ్యాపకురాలు 1999లో నేపాల్ నీళ్ల మీద విద్యార్థులతో ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఇంజనీరింగ్ విద్యార్థుల బృందాలు నేపాల్ వెళ్లి నీళ్లు పరీక్షించాయి, కాఠ్మాండూలోని ఎన్‌ఫో సంస్థతో కలిసి రకరకాల పద్ధతులు పోల్చి చూశాయి. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మూడు కుండల పద్ధతి ఒకటి. ఆర్సెనిక్‌ను బాగానే పట్టేది కానీ కొన్నాళ్లకు లోపల ఇనుప రజను గట్టిపడి కుండలు పూడుకుపోయేవి. ఆ బృందంలోని టామీ న్గాయ్ అనే విద్యార్థి, తోటివాళ్లు కలిసి ఇంకో దారి పట్టారు. కెనడాలో డేవిడ్ మాంజ్ తయారుచేసిన ఇసుక ఫిల్టర్ అప్పటికే ఉంది. అది క్రిముల్ని ఆపుతుంది. దాని మీద ఇనుప మేకుల పళ్లెం ఒకటి చేర్చారు.

పని చేసే తీరు చాలా తేలిక. పళ్లెంలో జింకు పూత లేని మామూలు మేకులు 5 కిలోలు పోస్తారు, పైన ఇటుక ముక్కలు పరుస్తారు. నీళ్లు పోస్తే మేకులు తుప్పు పడతాయి. ఆర్సెనిక్ ఆ తుప్పుకు అంటుకుంటుంది. తుప్పు కిందికి జారితే ఇసుక ఆపేస్తుంది. గంటకు 15 లీటర్ల దాకా నీళ్లు వస్తాయి. కరెంటు వద్దు, మందు కొనక్కర్లేదు. ధార సన్నబడితే పైన ఇసుకను చేత్తో కదిపి ఆ బురద నీళ్లు తీసేస్తే చాలు. మేకులు, ఇటుక, ఇసుక, కంకర అన్నీ దగ్గరి బజారులో దొరికేవే. దానికి కాంచన్ అని పేరు పెట్టారు. 2003లో ప్రపంచ బ్యాంకు పోటీలో దీనికి 1,15,000 డాలర్ల బహుమతి వచ్చింది. ఆ తర్వాత తరాయిలో వేల ఇళ్లకు చేరింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది సక్సెస్ స్టోరీ. కానీ చరిత్ర ఇక్కడ ఆగలేదు. తర్వాతి ఏళ్లలో మళ్లీ పరీక్షిస్తే చాలా ఇళ్లలో ఆర్సెనిక్ బాగా తగ్గింది, కొన్ని ఇళ్లలో మాత్రం హద్దు దాటిన నీళ్లే ఫిల్టర్ లోంచి వస్తున్నాయి. ఎందుకంటే అన్ని బోరింగుల నీళ్లూ ఒకటి కావు. నీళ్లలో సహజంగా ఇనుము ఉన్నచోట ఫిల్టర్ బాగా పట్టింది. ఇనుము తక్కువగా, ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్నచోట పట్టలేదు. పైగా నీళ్లు మేకుల మీద నుంచి గబగబా జారిపోతాయి, మిగతా టైమంతా మేకులు పొడిగానే ఉంటాయి. కంబోడియాలో పెట్టి చూసినప్పుడు కూడా నీళ్ల తేడా వల్ల ఇదే ఇబ్బంది ఎదురైందని 2009లో ప్రచురించారు.

అలాంటి ఇంటి తల్లిని ఒకసారి ఊహించుకోండి. ఫిల్టర్ ఉంది కదా అని ధైర్యంగా పిల్లలకు పోస్తుంది. నీళ్లు తేటగానే కనిపిస్తాయి. ఎవరూ కొలవకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది?

మన దగ్గరా ఇలాంటి పాఠం ఉంది. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం వైపు ఊళ్లలో. తర్వాత నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. శాస్త్రం సరైనదే. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లను బట్టి మారుతుంది. రోజూ కొలిచి వేసే మనిషి ఇంట్లో ఉండాలి. చివరికి పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాకే నల్గొండలో చాలా ఊళ్లకు ఊరట దొరికింది.

ఎంఐటీ పిల్లల్ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పట్లేదు. మేకులతో విషం తీయొచ్చని చూపించడం చిన్న విషయం కాదు. కానీ చదువు అయిపోయాక బయటి విద్యార్థి వెళ్లిపోతాడు. ఆ ఊళ్లో ఉండేది ఊరివాళ్లే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, మీలో చాలామందీ అంతే. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేసినా మనం పండక్కి ఇంటికి పోతాం, ఆ నీళ్లే తాగుతాం. బయటివాళ్లకు లేనిది, మనకు ఉన్నది ఇదే.

అందుకే ప్రాజెక్టు అనుకునేవాళ్లకు ఒక మాట. డబ్బా తయారుచేసే ముందు మీ ఊరి ప్రతి బోరింగునూ విడివిడిగా పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ కిట్‌తో నీళ్ల పరీక్ష నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ అక్కలు ఎవరో కనుక్కోండి, కిట్ ఉందో లేదో పంచాయతీలో అడగండి. ఫ్లోరైడ్, ఇనుము, నైట్రేట్ ఎంతుందో తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. డబ్బా తయారయ్యాక కూడా రాస్తూనే ఉండండి. మీరు హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు ఊళ్లో చదువుకునే తమ్ముడికో చెల్లికో ఇచ్చి రండి.