మరుగున పడ్డ మన చరిత్ర – 17: గాయపడ్డ సిపాయిని మోసిందెవరు?



యుద్ధాల చరిత్ర అనగానే మనకు జనరళ్ళు, ఫిరంగులు, గెలుపోటములు గుర్తొస్తాయి. ఈ భాగంలో వేరే ప్రశ్న వేసుకుందాం. తూటా తగిలి పడిపోయిన సిపాయిని అక్కడి నుంచి ఆసుపత్రి దాకా చేర్చింది ఎవరు? ఆ పని చేసినవాళ్ళను సైన్యం ఏమని పిలిచింది?

ముందు ఆ ఏర్పాటు ఎలా ఉండేదో తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్, ఇండియన్ సైన్యాలలో యుద్ధరంగ వైద్యం ఒక గొలుసులాగా నడిచేది. పోరాడుతున్న పటాలం వెనకే ఒక డాక్టరు ప్రథమ చికిత్స చేసేవాడు. అక్కడి నుంచి స్ట్రెచర్ మీద మోసుకుని ‘ఫీల్డ్ అంబులెన్స్’కి చేర్చేవాళ్ళు. పేరు చూసి బండి అనుకోకండి. అది డాక్టర్లు, మోతగాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, సఫాయివాళ్ళు అందరూ కలిసిన ఒక యూనిట్. దాని వెనక ఆపరేషన్లు చేసే క్లియరింగ్ స్టేషన్, ఆ తర్వాత రైలో పడవో ఓడో, చివరికి పెద్దాసుపత్రి.

ఈ గొలుసును నడిపే అధికారి కూడా డాక్టరే. డివిజన్‌కు ఒక కల్నల్ స్థాయి వైద్యాధికారి, మొత్తం సైన్యానికి ఒక డైరెక్టర్ ఉండేవారు. వీళ్ళ అసలు పని కత్తి పట్టి ఆపరేషన్ చేయడం కాదు. రేపటి పోరులో ఎంతమంది గాయపడతారు, ఎన్ని స్ట్రెచర్లు కావాలి, ఎన్ని బండ్లు, ఎన్ని పడవలు కావాలి అని ముందే లెక్క కట్టడం, అవి ఇచ్చేదాకా జనరల్‌ను వదలకుండా అడగడం. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో జొనాథన్ లెటర్‌మన్ అనే సైనిక వైద్యుడు సాధించింది ఇదే. గాయపడ్డవాళ్ళను మోసే బండ్లు, మనుషులు సరుకుల శాఖ చేతిలో కాకుండా వైద్యశాఖ చేతిలో ఉండాలన్నాడు, ఉండేలా చేశాడు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మెసొపొటేమియా చూపించింది. ఇవాళ్టి ఇరాక్ అది. అక్కడికి వెళ్ళిన సైన్యాన్ని ఇండియా ప్రభుత్వం పొదుపు పేరుతో అరకొర సామగ్రితో పంపింది. 1915 నవంబరులో టెసిఫోన్ దగ్గర జరిగిన పోరులో బ్రిటిష్ పక్షాన నాలుగు వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. గాయపడ్డవాళ్ళను మోయడానికి స్ప్రింగులు కూడా లేని సామాన్ల బండ్లు వాడారు. విరిగిన కాళ్ళతో ఆ కుదుపులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. తర్వాత నది మీద మామూలు స్టీమర్లలో కుక్కి రోజుల తరబడి బస్రాకు తరలించారు.

అలా వచ్చిన ‘మెజిదియే’ అనే స్టీమరును రాబర్ట్ మార్కమ్ కార్టర్ అనే ఐ.ఎం.ఎస్. డాక్టర్ బస్రాలో చూశాడు. లేవలేని మనుషులు తమ మలంలోనే పడి ఉన్నారు, గాయాలకు పురుగులు పట్టాయి. ఆయన చూసింది చూసినట్టు రాస్తే పై అధికారులు అరెస్టు చేస్తామని బెదిరించారు. ఆయన తగ్గలేదు. విచారణ కమిషన్ వేయక తప్పలేదు. 1917లో ఆ నివేదిక బయటికి రాగానే ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లెయిన్ రాజీనామా చేశాడు.

చరిత్ర పుస్తకాలు ఈ కథను సాధారణంగా ఇక్కడితో ముగిస్తాయి. గొలుసు పైకొస ఎలా విఫలమైందో చెబుతాయి. మనం కింది కొస చూద్దాం.

ఆ యుద్ధానికి ఇండియాలో దాదాపు 14 లక్షల మందిని చేర్చుకున్నారు. అందులో 5 లక్షల 60 వేలకు పైగా తుపాకి పట్టనివాళ్ళు. సైన్యం వాళ్ళను ‘ఫాలోవర్స్’ అంది. అంటే వెనక నడిచేవాళ్ళు. గాయపడ్డవాణ్ణి మోయడానికి తూటాల మధ్యకు, ముందుకు పోయేవాణ్ణి కూడా ‘వెనక నడిచేవాడు’ అనే రాసుకున్నారు.

ఈ ఫాలోవర్స్‌లోనూ మెట్లున్నాయి. డోలీలు, స్ట్రెచర్లు మోసే పనికి పల్లకీలు మోసిన కులాలను, ముఖ్యంగా ఉత్తరాది కహార్లను తీసుకున్నారు. డోలీ అంటే మనకు వేరే చెప్పాలా? రోడ్డు లేని మన్యం గూడేల నుంచి గర్భిణులను ఇవాళ్టికీ అందులోనే మోస్తున్నారు. 1901లో ఈ మోతగాళ్ళతో ‘ఆర్మీ బేరర్ కోర్’ ఏర్పాటు చేశారు. వార్డు పనివాళ్ళు, వంటవాళ్ళు, భిస్తీలు, స్వీపర్లు వేరే ఆసుపత్రి కోర్‌లో ఉండేవాళ్ళు. అందరికన్నా కింద స్వీపరు. ఆ పనికి అంటరాని కులాలవాళ్ళనే తెచ్చారు. యుద్ధం సాగేకొద్దీ మనుషులు చాలక జైళ్ళ నుంచి ఖైదీలను కూడా మెసొపొటేమియాకు కూలి పనికి పంపారు.

ఒక్క మాట ఆలోచించండి. దక్షిణాఫ్రికాలో 1899–1902 బోయర్ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన సుమారు 22 వేల మంది చనిపోతే, సగానికి పైగా జబ్బులతోనే పోయారు. టైఫాయిడ్ వాళ్ళను పిట్టల్లా రాల్చింది. అంటే సైన్యాన్ని కాపాడే మొదటి వైద్యం శుభ్రమైన నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి. ఆ వైద్యం చేసింది భిస్తీ, స్వీపరు. దాన్ని వైద్యం అని ఎవరూ రాయలేదు. కులవృత్తి అని రాశారు.

అదే బోయర్ యుద్ధంలో గాంధీ నడిపిన భారతీయ అంబులెన్స్ దళం గురించి బడి పుస్తకాల్లో చదివాం. అందులో సుమారు 1,100 మంది. దాదాపు నలభై మంది నాయకులు, మూడు వందల దాకా స్వేచ్ఛగా బతుకుతున్న భారతీయులు. మిగిలినవాళ్ళంతా ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి నటాల్ చెరకు తోటలకు తరలించిన తమిళ, తెలుగు కుటుంబాల మనుషులు ఆ కూలీల్లో ఉండేవాళ్ళు. స్పయన్ కాప్ పోరులో రోజుకు ఇరవై మైళ్ళ దాకా స్ట్రెచర్లు మోశారు. యుద్ధ పతకాలు మాత్రం నాయకులకు వచ్చాయి.

1915లో మెసొపొటేమియాకు ‘బెంగాల్ అంబులెన్స్ కోర్’ వెళ్ళింది. చదువుకున్న భద్రలోక యువకులు. వాళ్ళు కష్టపడ్డారు, బందీలయ్యారు, కొందరు తిరిగి రాలేదు. ఆ త్యాగాన్ని తక్కువ చేయను. కానీ వాళ్ళు స్ట్రెచర్ ఎత్తితే దేశసేవ అయింది, జ్ఞాపకాల పుస్తకం అయింది. కహార్ ఎత్తితే అది వాడి పుట్టుక. పని ఒకటే, స్ట్రెచర్ ఒకటే. మోసిన భుజం ఎవరిదన్నదాన్ని బట్టి పేరు మారింది.

ఇక సుఖా గురించి చెప్పాలి. బరేలీకి చెందిన ముప్పై ఏళ్ళ స్వీపరు. ఇంగ్లండులో గాయపడ్డ భారతీయ సిపాయిల కోసం బ్రోకెన్‌హర్స్ట్ అనే ఊళ్ళో నడిపిన లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో పనిచేశాడు. ఆ రోజుల్లోనే బ్రైటన్‌లోని రాజభవనాన్ని భారతీయ సిపాయిల ఆసుపత్రిగా మార్చినప్పుడు, ఏ కులం, ఏ మతం వంట వాళ్ళకు అన్నట్టు తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకు, ముస్లింలకు వేరే కుళాయిలు పెట్టారు. చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలకు దహనవాటిక, ముస్లిం సిపాయిలకు ఖననస్థలం ఏర్పాటు చేశారు. కులాన్ని అంత శ్రద్ధగా చదివిన సర్కారు అది.

1915 జనవరి 12న సుఖా చనిపోయాడు. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదనీ, ముస్లిం కాదని రెండోవాళ్ళు తమ స్థలంలో ఖననానికి ఒప్పుకోలేదనీ అక్కడ చెప్పుకుంటారు. చివరికి ఊరి చర్చి తన స్మశానంలో చోటిచ్చింది. ఊరివాళ్ళే రాయి వేయించారు. అతను క్రైస్తవుడు కాదనీ, ఇతరుల కోసమే ప్రాణం ధారపోశాడనీ దాని మీద చెక్కించారు. ఆ సమాధి ఇప్పటికీ ఉంది.

తొమ్మిది వంటశాలలు పట్టిన ఏర్పాటులో, చచ్చిన స్వీపరుకు ఆరడుగుల నేల పట్టలేదు. ఇది ఒక గుమాస్తా మరుపు కాదు. బతికున్నప్పుడు లెక్కలోకి రానివాడు చచ్చాక కూడా రాడు.

1920లో మోతగాళ్ళనూ ఆసుపత్రి పనివాళ్ళనూ ‘ఇండియన్ హాస్పిటల్ కోర్’గా కలిపారు. 1943 ఏప్రిల్ 3న అదీ, ఐ.ఎం.ఎస్. డాక్టర్లూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. అదే ఇవాళ్టి ఆర్మీ మెడికల్ కోర్. దాని నినాదం ‘సర్వే సంతు నిరామయాః’, అందరూ ఆరోగ్యంగా ఉండాలని. మంచి మాటే. ఆ ‘అందరిలో’ మోసినవాడు, కడిగినవాడు ఉన్నారా అనేది మన ప్రశ్న.

ఆసుపత్రి గొలుసులో డాక్టరు ఒక్కడే లేడు. ఇవాళ మన జిల్లా ఆసుపత్రికి వెళ్ళి చూడండి. వార్డు కడిగేది, శవాన్ని మోసేది ఎవరు? వాళ్ళది కాంట్రాక్టు కొలువా, పర్మినెంటా? అంటురోగం సోకితే వాళ్ళకు దిక్కెవరు? ఆ జవాబులు తీసుకుని మెసొపొటేమియా గురించి మళ్ళీ చదవండి. మన తాతలు అందులో కనిపిస్తారు.

జై భీమ్.