ఆరోగ్యశ్రీకీ ఆసరాకీ నడిమిట్ల: పాలమూరు, నల్లగొండల పక్షవాతం కథ

ఈ ఎపిసోడ్ ఒక కాయితంతో మొదలుపెడతా. నా చేతిలో ఉన్నది మా తాత డిశ్చార్జ్ షీట్. 2009లో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాది దేవరకొండ దిక్కు ఒక ఊరు, నేను అప్పుడు ఏడో తరగతి. హైదరాబాద్‌లో ఒక దవాఖానలో తొమ్మిది రోజులు పెట్టుకుని ఇచ్చి పంపిన కాయితం ఇది. రెండు పేజీలు. మందుల పేర్లు ఎనిమిది లైన్లు. చివర్లో ఒకే ఒక్క మాట: ఫిజియోథెరపీ. ఎక్కడ, ఎన్ని రోజులు, ఎవరు చేస్తరు, ఏమీ లేదు.

ఆ తొమ్మిది రోజుల గురించి మా ఇంట్ల ఇప్పటికీ మాట్లాడుకుంటరు. ఏ వార్డు, ఏ డాక్టర్, ఎంత అప్పు, అన్నీ గుర్తే. ఆ తర్వాత తాత బతికిన ఏడేండ్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నేను ఈ ఎపిసోడ్ కోసం చదవడం మొదలుపెట్టినంక తెలిసింది, పక్షవాతం చరిత్ర కూడా అచ్చం మా ఇల్లు లాంటిదే అని.

ముందు మాట సంగతి చూద్దాం. పక్షం అంటే ఒక వైపు. శరీరంలో ఒక పక్క పనిచేయకపోవడం పక్షవాతం. మన దగ్గర 'కాలు చెయ్యి పడిపోయింది' అంటరు, హైదరాబాద్ పాతబస్తీలో 'లక్వా' అంటరు. ఈ మాటలన్నీ ఒంటి గురించే చెప్తయి. జబ్బు ఉన్నది మెదడులో అని ఒక్క మాట కూడా చెప్పదు. అందుకే మా ఊర్లో 'గాలి సోకింది' అన్నరు. మొదటి రోజు ఆకు పసరు పోసే ఊరికి తీసుకుపోయిన్రు, రెండో రోజు ఆర్ఎంపీ సెలైన్ ఎక్కించిండు, మూడో రోజు హైదరాబాద్. మా వాళ్ళను తిట్టుకోకండి. యూరప్‌లో కూడా 1658లో వెప్ఫర్ అనే స్విస్ డాక్టర్ శవాలను కోసి చూసి, మెదడులో రక్తం కారిందని రాసేదాకా ఇది ఏందో సరిగ్గా తెలవదు.

తెలిసినా చేయగలిగింది ఏముంది? దాదాపు మూడు వందల ఏండ్లు ఏమీ లేదు. అసలు చిక్కు ఏందంటే, పక్షవాతం రెండు రకాలు. ఒకటి, మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం. రెండోది, నాళం పగిలి రక్తం కారడం. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే: మూతి వంకర, మాట ముద్ద, చెయ్యి పడిపోవడం. మందు మాత్రం పూర్తిగా ఎదురుబొదురు. గడ్డను కరిగించే మందు కారే రక్తానికి ఇస్తే మనిషి పోతడు. 1908 మూసీ వరదలో పాత దవాఖాన కొట్టుకుపోయినంక, అఫ్జల్‌గంజ్‌లో కట్టిన ఉస్మానియా ఎంత గొప్ప బిల్డింగ్ అయినా, 1950లలో పాలమూరు నుంచి అక్కడికి చేరిన పేషెంట్‌కు ఏ రకమో చెప్పగలిగిన మిషన్ ప్రపంచంలోనే లేదు. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ హాస్పిటల్‌లో మొదటిసారి మనిషి మెదడుకు సీటీ స్కాన్ తీసిన్రు. దాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు, కార్మాక్‌తో కలిపి 1979లో నోబెల్ వచ్చింది. హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, మన లెక్కనే ఇంజినీర్. ఈ మాట చెప్పకపోతే నా బీటెక్ ఊరుకోదు.

నల్లగొండలో ఇంకో గందరగోళం కూడా ఉండె. మా తాత తరంలో కాళ్ళు పడిపోయిన వాళ్ళు చాలామంది, కానీ వాళ్ళందరిదీ మెదడు జబ్బు కాదు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వెన్నుపూస గట్టిపడి, పెరిగి, లోపల వెన్నుపామును నొక్కేస్తుంది. అప్పుడు రెండు కాళ్ళూ మెల్లమెల్లగా సచ్చుపడతయి. 1955లో సిద్దిఖీ అనే డాక్టర్ నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెద్ద వ్యాసం రాసిండు. తర్వాత న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు దీని మీద ఏండ్ల తరబడి పనిచేసిన్రు. ఊర్లో మాత్రం రెండింటికీ ఒకే పేరు: కాళ్ళు పడిపోయినయి. ఫ్లోరైడ్ వాళ్ళను చూసీ చూసీ, ఇది దేవుడు రాసిన రాత, దవాఖానకు పోయినా లాభం లేదు అనే అలవాటు జనంలో పడిపోయింది. అది నా అంచనా మాత్రమే. మా తాతను మూడో రోజుదాకా కదిలించకపోవడానికి ఆ అలవాటు కూడా ఒక కారణం అనుకుంటా.

ఇగ అసలు మలుపు 1995 డిసెంబర్. అమెరికాలో 624 మంది మీద చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. గడ్డను కరిగించే టీపీఏ ఇంజెక్షన్‌ను, పక్షవాతం మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే ఏమైతదని చూసిన్రు. మూడు నెలల తర్వాత దాదాపు మామూలు మనిషి లెక్క ఉన్నవాళ్ళు, మందు ఇచ్చిన గ్రూపులో 39 శాతం, ఇవ్వని గ్రూపులో 26 శాతం. అంటే వందమందికి ఇస్తే పదమూడు మంది అదనంగా తమ పని తాము చేసుకోగలుగుతున్నరు. రిస్క్ కూడా ఉంది: మెదడులో రక్తం కారడం 0.6 శాతం నుంచి 6.4 శాతానికి పెరిగింది. అయినా లాభమే ఎక్కువ. 2008లో ఇంకో ట్రయల్ ఆ టైమును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015లో పెద్ద నాళాల్లో గడ్డను సన్న వైరుతో బయటికి లాగే పద్ధతి కూడా రుజువైంది.

ఇప్పుడు ఈ నాలుగున్నర గంటలను మన మ్యాప్ మీద పెట్టండి. మహబూబ్‌నగర్ టౌన్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, నల్లగొండ నుంచీ దాదాపు అంతే. గద్వాల నుంచి అయితే ఇంచుమించు రెట్టింపు. గడియారం దవాఖాన గేటు దగ్గర మొదలుకాదు, మనిషి బాగున్నట్టు ఆఖరుసారి చూసిన క్షణం నుంచి మొదలైతది. మా తాత తెల్లారి లేస్తూనే పడిపోయిండు. ఆఖరుసారి బాగున్నది రాత్రి తొమ్మిదికి, అన్నం తిన్నప్పుడు. అంటే పొద్దున ఐదింటికి నాయినమ్మ చూసేసరికే ఆ గడియారం లెక్కలో ఆయన టైం అయిపోయింది. ఆకు పసరు వల్ల పోయింది ఆ ఇంజెక్షన్ కాదు. ఆ సంగతి నాకు ఈ మధ్యనే అర్థమైంది, నాయినకు చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. పదిహేనేండ్లు ఆ తప్పు తనదే అని మోసిండు ఆయన.

సరే, మన రాష్ట్రం ఏం చేసింది? చాలా చేసింది, నిజంగా. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ. అది మొదలుపెట్టిన మూడు జిల్లాలు ఏవో తెలుసా? అనంతపురం, శ్రీకాకుళం, మన మహబూబ్‌నగర్. ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన జిల్లాలని ఏరుకున్నరు. ప్రాజెక్టులు కట్టడానికి, బొంబాయి బస్సు ఎక్కడానికి పేరు పడ్డ పాలమూరు, తెల్ల కార్డుతో కార్పొరేట్ దవాఖాన గేటు దాటడంలో కూడా మొదటి బ్యాచ్‌లో ఉంది. 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో. పాత నల్లగొండ జిల్లా నేల మీదనే బీబీనగర్ ఎయిమ్స్. 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ లిమిట్ పది లక్షలు.

కానీ ఆరోగ్యశ్రీ అచ్చు ఏందో చూడండి. అది ప్యాకేజీల స్కీమ్. ఒక ఆపరేషన్, ఒక అడ్మిషన్, ఒక బిల్లు, డిశ్చార్జ్. గుండె ఆపరేషన్‌కు ఆ అచ్చు బాగా సరిపోతది. తర్వాత కొన్ని ప్యాకేజీలకు ఫాలో-అప్ మందులు కూడా కలిపిన్రు. పక్షవాతం అట్ల కాదు. దానికి దవాఖానలో పడేది వారం, పది రోజులు. అసలు కోలుకునేది తర్వాతి నెలల్లో, ఇంట్ల, మంచం పక్కన. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే, అప్లికేషన్ లాంచ్ చేసి సపోర్ట్ టీమ్ పెట్టకుండా వదిలేసినట్టు.

ఇది ఊరికే అనడం లేదు. 1993లో లాంగోర్న్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్ళు లాన్సెట్‌లో ఒక లెక్క వేసి చూపించిన్రు. కొత్త మందు ఏదీ లేకుండా, పక్షవాతం పేషెంట్లను ఒకే వార్డులో పెట్టి, డాక్టర్, నర్స్, ఫిజియో, మాట నేర్పేవాళ్ళు ఒక టీమ్‌గా చూస్తే చావులు తగ్గుతున్నయని. దాన్నే స్ట్రోక్ యూనిట్ అంటరు. టీపీఏ కంటే రెండేండ్ల ముందే రుజువైంది. ఇంజెక్షన్‌కు వచ్చిన పేరులో పావు వంతు కూడా దీనికి రాలే. మిషన్ ఉంటే రిబ్బన్ కట్ చేయొచ్చు, నలుగురు మనుషులు కలిసి పనిచేస్తే దానికి రిబ్బన్ ఎక్కడ కడతరు?

మరి ఊర్లల్ల ఫిజియోలు లేరు కదా, ఇంట్ల వాళ్ళకే నేర్పిస్తే? ఇది నాకు వచ్చిన ఐడియా అనుకున్న. లూధియానా సీఎంసీ డాక్టర్ జయరాజ్ పాండియన్, తోటి డాక్టర్లు కలిసి ఇదే ప్రశ్నతో దేశంలో 14 దవాఖానల్లో 1,250 మంది పేషెంట్ల మీద ట్రయల్ చేసిన్రు. అటెండ్ ట్రయల్ అంటరు, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్ల వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చిన గ్రూపులో ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు, లేదా ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి 47 శాతం. ట్రైనింగ్ ఇవ్వని గ్రూపులో? అదే 47 శాతం. తేడా లేదు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలే. నేను దీన్ని ఇట్ల అర్థం చేసుకున్న: ఎక్సర్‌సైజులు దండగ అని కాదు. ఫిజియో చేయాల్సిన పనిని భార్య మీదనో కోడలి మీదనో పెట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదు అని. ఆ సగం అంకె కూడా చూడండి. దవాఖాన దాకా చేరి, ట్రయల్‌లో చేరినవాళ్ళల్లోనే దాదాపు సగం మంది ఆరు నెలలకు అట్ల ఉన్నరు.

ఇక రెండో చివర. 2014 నవంబర్ 8న ఆసరా పింఛన్లు మొదలైనయి. ఎక్కడ? కొత్తూరులో. ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది కానీ, అప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లానే. వికలాంగులకు అంతకుముందు ఐదు వందలు ఉన్న పింఛన్ పదిహేను వందలు అయింది. తర్వాత 3,016, 2023లో 4,016. మా తాతకు కూడా వచ్చింది. నలభై శాతం పైన వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ కావాలి కాబట్టి, ఆయనను ఆటోలో పడుకోబెట్టి క్యాంపుకు తీసుకుపోయినం. ఆ పైసలతోనే బీపీ గోళీలు కొన్నది మా నాయినమ్మ.

ఇప్పుడు రెండు తేదీలూ పక్కపక్కన పెట్టండి. దవాఖాన కార్డు మొదలైంది పాలమూరులో. పింఛన్ మొదలైంది పాలమూరులో. మనిషి పడిపోయినప్పుడు ఒక స్కీమ్, ఇక లేవడు అని తేలినంక ఇంకో స్కీమ్. లేచే అవకాశం ఉన్న ఆ నడిమి ఆరు నెలలకు, ఏడాదికి ఎవరూ ఏ ఊర్లో ఏ స్కీమూ ప్రారంభించలే. కేంద్రం 2010లో క్యాన్సర్, షుగర్, గుండెజబ్బులతో కలిపి పక్షవాతం పేరు కూడా పెట్టి ఒక జాతీయ కార్యక్రమం తెచ్చింది. 2023లో దాని పేరు మార్చినప్పుడు అన్నీ కలిపి 'నాన్ కమ్యూనికబుల్ డిసీజెస్' అన్నరు. పక్షవాతం అనే మాట పేరులో నుంచి పోయింది. బీపీ, షుగర్ టెస్టులు ఊర్లకు వచ్చినయి, అది చిన్న విషయం కాదు. పాలియేటివ్ కేర్ వాళ్ళ 'ఆలన' బండ్లు కొన్ని ఇండ్లకు పోతున్నయి, అదీ మంచిదే. కానీ అది ఎక్కువగా నొప్పి తగ్గించే పని. నడక నేర్పే పని వేరు. జిల్లా దవాఖానలో ఫిజియోథెరపీ గది ఉంటది, ఒప్పుకుంటా. నడవలేని మనిషిని రోజూ యాభై, అరవై కిలోమీటర్లు ఎవరు మోసుకుపోతరు? పడిపోయినాయన కూలీ, చూసుకునే ఆమె కూలీ, ఇద్దరి కూలీ ఒకేసారి ఆగిపోయిన ఇంట్ల?

మా నాయినమ్మ ఏం చేసిందో చెప్తా. దూలానికి తాడు కట్టింది, తాత మంచి చేత్తో పట్టుకుని లేచి కూర్చునేలా. వాకిట్లో రెండు గుంజలు పాతి, అడ్డంగా వెదురు కట్టించి నడిపించింది. మొదటి ఏడాది పది అడుగులు వేసిండు కూడా. కానీ మంచం మీది నుంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగేది. ఆ చేతికి కండ బలం ఉండదు కదా, భుజం కీలు జారింది. ఇగ రాత్రంతా నొప్పి. నొప్పికి భయపడి నడక మానేసిండు. మంచానికి అంటుకుపోయిండు, వీపుకు పుండ్లు పడ్డయి. చెయ్యి పట్టి లాగొద్దు, చంక కింద చెయ్యి పెట్టొద్దు, నడుం పట్టి లేపాలి అని ఆ రెండు పేజీల కాయితంలో ఎక్కడా లేదు. 2011లో మా ఇంట్ల పెండ్లికి వచ్చిన ఒక ఫిజియోథెరపీ స్టూడెంట్ చూసి, అయ్యో అమ్మమ్మా, ఇట్ల లాగుతరా అన్నది. అప్పటికి రెండేండ్లు దాటింది.

తాత 2016లో పోయిండు. తాడు ఇప్పటికీ దూలానికే ఉంది, దాని మీద నాయినమ్మ తువ్వాలలు ఆరేస్తది. పోయిన ఎండాకాలం మా వాడకట్టులో ఒకాయనకు పక్షవాతం వచ్చింది. ఈసారి 108కు ఫోన్ చేసిన్రు, టైంకు చేరిండు, పన్నెండు రోజులకు ఇంటికొచ్చిండు. చూడ్డానికి అందరూ పండ్లు పట్టుకుని పోయిన్రు. మా నాయినమ్మ వట్టి చేతులతో పోయి, మంచం పక్కన నిలబడ్డ కోడలిని పక్కకు జరిపి, "బిడ్డా, ఆ చెయ్యి పట్టి లేపకు" అని, నడుం దగ్గర ఎట్ల పట్టుకోవాలో తనే చేసి చూపించింది.