అర్ధనారీశ్వర మూర్తిలో స్త్రీ భాగం

క్రీ.శ. 3వ శతాబ్ది ఆరంభంలో రోము చక్రవర్తి దర్శనానికి వెళ్తున్న భారతీయ రాయబారులు సిరియాలో బర్దేసాన్ అనే తత్త్వవేత్తకు తమ దేశంలోని ఒక గుహను వర్ణించి చెప్పారు. అందులో పది పన్నెండు మూరల ఎత్తయిన విగ్రహం ఉన్నదట. కుడి సగం పురుషుడు, ఎడమ సగం స్త్రీ. కుడి రొమ్ముపై సూర్యుడు, ఎడమ రొమ్ముపై చంద్రుడు. పోర్ఫిరీ ఉటంకించినందున ఈ వర్ణన గ్రీకు భాషలో మిగిలింది. అందులో పేరు లేకపోయినా ఆ మూర్తి అర్ధనారీశ్వరుడేనని పండితులు గుర్తించారు. కుషాణుల కాలపు మథుర శిల్పులు అప్పటికే ఈ రూపాన్ని మలచి ఉన్నారు.

ప్రకృతి పురుషుల సంయోగమే సృష్టి అన్న సాంఖ్యుల ఆలోచనకు ఇది శిల్పరూపమని చెప్పడం పరిపాటి. ఆ మాట సరైనదే కాని, చాలదు. రెండు సగాలు నిజంగా సమానమా అన్న ప్రశ్నను అది దాటవేస్తుంది. పేరునే చూడండి: నారి విశేషణం, ఈశ్వరుడు విశేష్యం. మన తెలుగులో క్రియ విషయమై స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతోను, బహువచనంలో మహత్తుతోను చేరుతుంది. అయినా సగం స్త్రీ అయిన ఈ దైవాన్ని మనం 'వచ్చాడు' అనే అంటాము!

పురాణాలు కూడా ఏకాభిప్రాయంతో లేవు. విష్ణుపురాణంలో బ్రహ్మ క్రోధం నుండి పుట్టిన రుద్రుడే అర్ధనారీ రూపుడు. తనను తాను విభజించుకొమ్మని బ్రహ్మ ఆజ్ఞ. శివపురాణంలో ప్రజలు వృద్ధి చెందక బ్రహ్మ తపస్సు చేయగా ఆ రూపం ప్రత్యక్షమవుతుంది. స్త్రీ లేనిదే సృష్టి సాగలేదన్న అంగీకారం ఇక్కడ స్పష్టం.

ఈ అంగీకారానికి తలవంచనివాడు భృంగి. శివునికి మాత్రమే ప్రదక్షిణ చేస్తానని పట్టుబట్టగా, తల్లి అంశలైన రక్తమాంసాలు అతనిని విడిచిపోయాయట. 6వ శతాబ్ది నాటి బాదామి మొదటి గుహలో అర్ధనారీశ్వరుని పక్కన ఎముకల గూడుగా నిలుచున్నవాడు ఇతడే. కథ ఎంత పరిహాసంగా ఉన్నా, వాదం తీవ్రమైనది.

అదే గుహలో హరిహరమూర్తి కూడా ఉంది. తిక్కన 13వ శతాబ్దిలో భారతాన్ని అంకితం చేసిన హరిహరనాథుని రూపం ఇదే కనుక తెలుగువారు అక్కడ కొంతసేపు ఆగడం సహజం. ఆగినప్పుడు ఒకటి గమనించాలి. నారి ఉండవలసిన ఎడమ సగంలో విష్ణువు ఉన్నాడు. పార్వతీలక్ష్ములు ఇరుపక్కలకు జరిగారు. శైవవైష్ణవాల సమన్వయాన్ని ఎంతో ప్రశంసించే మనం ఈ స్థానభ్రంశాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఎలిఫెంటా గుహలో సుమారు 5 మీటర్ల మూర్తి నందిపై వాలి ఉంటుంది. నంది పురుషుని వైపే. స్త్రీ భాగపు నడుము వంపులో మాత్రం శిల్పి మనసు పెట్టాడు.

శాక్తులు సగంతో తృప్తిపడలేదు. ఎడమ సగం తీసుకున్న దేవి అంతటితో ఊరుకోక కుడి సగాన్ని కూడా హరించిందేమోనని సౌందర్యలహరి కర్త సందేహిస్తాడు. అతనికి కనిపించిన దేహమంతా ఎర్రగానే ఉంది మరి. మూడు కన్నులు, నెలవంక కూడా ఆమెవే.